మట్టిగూటిలోని మర్మము

తెలుగునాట పల్లెటూరి యిండ్లలో ద్వారబంధపు మూలలను, దూలముల సందులను, చిరకాలము తీయక విడిచిన పుస్తకముల వెనుకను చిన్న చిన్న మట్టిగూళ్లు కానవచ్చుచుండును. పండుగకు ముందు ఇల్లు దులుపునపుడు గృహిణి వానిని చీపురుతో రాల్చివేయును. పిల్లలు పుల్లతో పొడిచి చూతురు. ఆ గూటిని కట్టినది సన్నని నడుము గల కందిరీగ. దాని నడుము దారమువలె నుండుటచే ముందు భాగమును, వెనుక భాగమును వేఱువేఱు ప్రాణులో యని భ్రమ కలుగును. ఆ మట్టిముద్దలో ఏమి జరుగుచున్నదను ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటకు మానవునకు చిరకాలము పట్టినది.

పూర్వులు ఆ గూటిని గమనింపకపోలేదు. కందిరీగ యొక పచ్చని పురుగును పట్టి తెచ్చుట చూచిరి. దానిని గూటిలో నుంచి ద్వారమును మట్టితో మూయుట చూచిరి. గూటి చుట్టును రొద చేయుచు తిరుగుట చూచిరి. కొన్ని దినములైన పిమ్మట గూటిని తొలుచుకొని మఱియొక కందిరీగ వెలువడుట చూచిరి. లోనికి పోయినది ప్రాకెడు పురుగు. వెలికి వచ్చినది రెక్కలు గల ప్రాణి. కావున ఆ పురుగే భయముతో రేయింబవళ్లు ఆ రెక్కల ప్రాణిని తలచి తలచి, తుదకు తానును దానివలె మారిపోయెనని తలంచిరి. దీనికే భ్రమర కీటక న్యాయమని పేరు. ఎవరు దేనిని నిరంతరము ధ్యానింతురో వారు దాని రూపమునే పొందుదురని బోధించుటకు వేదాంతులు ఈ న్యాయమును దృష్టాంతముగ గ్రహించిరి.

పూర్వుల చూపులో లోపము లేదు. వారు చూచిన నాలుగు విషయములును నిజములే. వారు చూడని దొక్కటియే: మూసిన గూటి లోపలి కథ. ఆ యొక్క వెలితిని వారు ఊహతో పూరించిరి.

గూడు కట్టునది ఆడు కందిరీగ. మగది ఈ పనిలో పాలుపంచుకొనదు. ఒక జాతి కందిరీగ చెఱువు గట్టునుండియో, బావి ప్రక్కనుండియో తడిమట్టిని దవడలతో ఉండగ చేసి తెచ్చి, గొట్టములవంటి గదులను ప్రక్కప్రక్కన కట్టును. వానిని సాలీళ్లతో నింపును. మఱియొక జాతి కందిరీగ గుండ్రని పొట్టయు, పైకి విచ్చిన మూతియు గల చిన్న కూజావంటి కుండను కట్టును. దానిని గొంగళిపురుగులతో నింపును. కుమ్మరికి సారె యున్నది, గురువు వద్ద నేర్చిన విద్య యున్నది. కందిరీగకు ఆ రెండును లేవు. అది తన తల్లిని ఎన్నడును చూచి యెఱుగదు. అయినను దాని కుండ తల్లి కట్టిన కుండవలెనే యుండును.

ఈ కూజా కట్టు జాతి, కుండ ముగిసిన పిమ్మట లోకప్పునుండి సన్నని దారము నొకదానిని వ్రేలాడదీసి, దాని కొనకు ఒక గ్రుడ్డును తగిలించును. అటు పిమ్మటనే వేటకు బయలుదేరును. ఇచట తల్లికి రెండు చిక్కులు కలవు. పురుగును చంపి తెచ్చినచో, బిడ్డ గ్రుడ్డునుండి వెలువడి పెరుగులోపల ఆ యాహారము కుళ్లిపోవును. చంపక తెచ్చినచో, పురుగు పొరలాడి మెత్తని గ్రుడ్డును నలిపివేయును. ఈ రెండు చిక్కులకును పరిష్కారము కందిరీగ కొండిలో నున్నది. గొంగళిపురుగు శరీరము అడుగున నాడీకేంద్రములు వరుసగ నుండును. కందిరీగ అచట కొండితో పొడిచి విషబిందువును విడుచును. పురుగు చచ్చుపడును గాని చావదు. కొంత కదలిక మిగిలియున్నను భయము లేదు. గ్రుడ్డు పైన దారమున వ్రేలాడుచు సురక్షితముగ నుండును. గ్రుడ్డునుండి వెలువడిన బిడ్డ ఆ తాజా యాహారమును తిని పెరిగి, రూపము మార్చుకొని, మట్టిని కొఱికి వెలికి వచ్చును. కావున వెలికి వచ్చినది లోనికి పోయిన పురుగు కాదు. ఆ పురుగును తిని పెరిగిన కందిరీగ బిడ్డ.

ఈ సత్యమును లోకమునకు విశదము చేసిన వారిలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశీయుడైన హెన్రీ ఫాబ్ర్. ఆయన 1823లో ఒక పేద కుటుంబమున జన్మించెను. ఉపాధ్యాయ వృత్తిచే జీవించుచు, తీరిక దొరకినప్పుడెల్ల ఎండలో నేలపై కూర్చుండి పురుగులను గమనించెడివాడు. ఆ దినములలో లియోన్ దుఫూర్ అను వైద్యుడొకడు, కందిరీగలు దాచిన పెంకుపురుగులు వారములకొలది చెడకుండుట గమనించి, కందిరీగ విషము చచ్చిన పురుగును ఊరగాయవలె నిలువ చేయుచున్నదని వ్రాసెను. ఫాబ్ర్ ఆ పురుగులను త్రవ్వి తీసి పరీక్షించెను. విద్యుత్తును సోకింపగా వాని యవయవములు అదరినవి. అవి చచ్చినవి కావు! అంతటితో తృప్తి చెందక, ఆయన లోహపు పాళీ మొనతో అమోనియా బిందువును పెంకుపురుగుల నాడీకేంద్రమున సోకించి చూచెను. అవియు అట్లే చచ్చుపడెను. ఈ పరిశోధనమును ఆయన 1855లో ప్రకటించెను. 1879లో సెరిన్యాన్ అను గ్రామమున ముండ్లును, రాళ్లును నిండిన బీడుభూమిని కొని, 1915లో మరణించువఱకు అచటనే పురుగుల చరిత్రలను వ్రాసెను. అవి పది సంపుటములు.

కందిరీగ నేర్పునకు మెచ్చిన ఫాబ్ర్, దాని తెలివికి హద్దు లెచటనో కూడ పరీక్షించెను. ఇలకోడిని వేటాడు ఒక కందిరీగ, దానిని బొరియ వాకిట నుంచి, ముందుగ తాను లోనికి పోయి చూచి వచ్చును. అది లోనుండగా ఫాబ్ర్ ఇలకోడిని కొంచెము దూరమునకు జరిపెను. కందిరీగ వెలికి వచ్చి, దానిని వాకిటికి ఈడ్చుకొని వచ్చి, మరల లోనికి పోయి చూచెను. ఆయన మరల జరిపెను. ఇట్లు నలువది సారులు జరిపినను, కందిరీగ నలువది సారులును లోనికి పోయి చూచుట మానలేదు! అలవాటైన త్రోవలో దానికి సాటి లేదు. త్రోవ తప్పినచో అది యేమియు తోచనిది.

ఫాబ్ర్ మాట కూడ తుదిమాట కాలేదు. కందిరీగ కొండి ఎన్నడును గుఱి తప్పదని ఆయన తలంచెను. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున పెక్‌హామ్ దంపతులు పెక్కు కందిరీగలను గమనించి, పోట్లు ఒక్కొక్కప్పుడు ఒక్కొక్క విధముగ నుండునని, కొన్ని పురుగులు చచ్చిపోవుటయు కలదని 1898లో తెలిపిరి. సత్యాన్వేషణము ఇట్లే సాగును. పూర్వుల యూహను ఫాబ్ర్ వంటివారు దిద్దిరి. ఫాబ్ర్‌ను తరువాతివారు దిద్దిరి. ఇందెవ్వరికిని అవమానము లేదు.

ఈ యన్వేషణము నేటికిని ముగియలేదు. భారతదేశమున కూడ కనబడు పచ్చని మిలమిలల కందిరీగ యొకటి తనకంటె పెద్దదైన బొద్దింకను వేటాడును. మొదటి పోటుతో బొద్దింక ముందు కాళ్లు కొంతసేపు పట్టు తప్పును. రెండవ పోటు నేరుగ తలలోనికి! బొద్దింకకు నడచు శక్తి యుండును గాని, తనంత తాను పారిపోవలెనను పూనిక నశించును. అంతట కందిరీగ దాని మీసమును పట్టుకొని, పలుపుత్రాటితో దూడను నడిపించినట్లు, కలుగునకు నడిపించుకొని పోవును. ఇజ్రాయెల్ దేశపు శాస్త్రజ్ఞులు విషమునకు రేడియోధార్మిక చిహ్నము నుంచి వెదకి, అది బొద్దింక మెదడులోనికే చేరుచున్నదని 2003లో ప్రకటించిరి.

అట్లయిన భ్రమర కీటక న్యాయమును పాఱవేయవలెనా? అక్కఱలేదు. పురుగు కందిరీగగ మారునను మాట ప్రకృతిశాస్త్రమున నిలువదు. కాని మనస్సు దేనియందు లగ్నమగునో మనుష్యుడట్టివాడగునను నీతి, ఆ పురుగు బలముతో నిలిచినది కాదు. మానవుల యనుభవముతో నిలిచినది. దృష్టాంతమును దృష్టాంతముగను, వాస్తవమును వాస్తవముగను ఎఱుగుటయే వివేకము. ఇంపుగ నున్నదని యూహను నిజమనుకొనుట ఎంత దోషమో, దృష్టాంతము తప్పినదని నీతిని త్రోసివేయుటయు నంతటి దోషమే.

గుంపులుగ నివసించు కణుదురీగల తుట్టెను సమీపించుట ప్రమాదకరము. కాని ఒంటరిగ మట్టిగూడు కట్టు కందిరీగ, పట్టి నలిపిననే తప్ప మనుష్యుని సాధారణముగ కుట్టదు. పైగా పైరుల నాశనము చేయు గొంగళిపురుగులను అది తగ్గించును. కావున చీపురెత్తుటకు ముందు విద్యార్థి యొక్క నిమిషము నిలిచి చూచుట మేలు. అది మట్టిని ఎచటనుండి తెచ్చుచున్నది? ఒక గదికి ఎన్ని యుండలు పట్టినవి? లోనికి కొనిపోయినది పురుగా, సాలీడా? మూసిన ఎన్ని దినములకు గూడు తెఱచుకొన్నది? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు గొప్ప ప్రయోగశాల యక్కఱలేదు. ఒక నోటు పుస్తకమును, కొంత యోపికయు చాలును. గూటిలోపలిది కానరానప్పుడు, పుస్తకములోని ఆ పుటను ఊహతో నింపక ఖాళీగ నుంచుట విజ్ఞానమునకు మొదటి మెట్టు.