రెండవ ఆసనము

సుఖమను పదమును మనము దినమునకు పదిమారులు పలుకుచుందుము. ఉత్తరములో "ఇచట అందరము సుఖముగా నున్నాము" అని వ్రాయుదుము. గడప దాటి వచ్చిన చుట్టమును "ప్రయాణము సుఖముగా జరిగినదా" యని యడుగుదుము. కాని యీ పద మెచ్చటిదో విచారించువారు తక్కువ. 'ఖ' మనగా రంధ్రము. ఋగ్వేదమున 'సుఖ' శబ్దము రథమునకు విశేషణముగా గానవచ్చును. ఇరుసు దూరు రంధ్రము చక్కగా తొలువబడి, చక్రము కుదుపు లేక తిరుగునట్టి రథము సుఖమైన రథము. దుఃఖమను మాట దీనికి ఎదురుగా పుట్టినదని శబ్దవేత్తలు కొందరు చెప్పుదురు. ఈ వ్యుత్పత్తి సత్యమగునేని మన పూర్వుల సుఖము మొట్టమొదట వడ్రంగి తన యులితో తొలిచిన బెజ్జము.

ఈ మాటను మా తరగతిలో విని నవ్విన బాలుడొకడు కలడు. పదునెనిమిదేండ్లు గడచినవి. ఇప్పుడతడు అమెరికాలో ఇంజనీరు. మా పాఠశాలలోనే చదివిన బాలికను వివాహమాడి అచట కాపురమున్నాడు. ఉద్యోగమునుండి వచ్చిన పిమ్మట మిగిలిన సాయంకాలములన్నియు వెచ్చించి, ఆరేండ్లలో ఇద్దరు పట్టు చిన్న విమానమొకటి తన కారుషెడ్డులో నిర్మించుకొనెను. ఆ పని ముగిసిన పిమ్మట దంపతులమధ్య పుట్టిన వివాదమే యీ వ్యాసమునకు మూలము. వారి యనుమతితోనే వ్రాయుచున్నాము. పేరులు మాత్రము చెప్పము.

ఇంటిలో విమానము చేయుట యేమని చదువరులు విస్తుపోవచ్చును. ఆ దేశములో నిది వింత గాదు. 1953లో విస్కాన్సిన్ రాష్ట్రమున పాల్ పోబెరెజ్నీ యనునతడు ఇట్టి నిర్మాతలకొక సంఘమును స్థాపించెను. 1970 నుండి దాని వార్షిక సమావేశములు ఆష్‌కాష్ పట్టణమున జరుగుచున్నవి. నిర్మాణములో సగమునకు మించిన పని విద్యార్థమో వినోదార్థమో ఔత్సాహికులే చేసియుండవలెనని అచటి చట్టము. మన దేశమునను అమోల్ యాదవ్ అను పైలట్టు ముంబయిలో తన యింటి మిద్దెమీద విమానము కట్టి 2016లో ప్రదర్శించెను. మరుసటి సంవత్సరము ప్రభుత్వము దానిని నమోదు చేసినది.

మా శిష్యుడు చేసినది లోహవిమానము. పల్చని అల్యూమినియపు రేకులను వేలకొలది రివెట్లతో కూర్చవలెను. రివెట్టు వేయుటకు పెక్కుచోట్ల ఇద్దరు కావలెను. వెలుపల నిలిచినవారు గాలితుపాకితో రివెట్టు తలను కొట్టుదురు; లోపలివైపున మరియొకరు ఉక్కుదిమ్మెను రివెట్టు తోకకు అదిమి పట్టవలెను. దిమ్మె చలించినచో తోక వంకరపోవును; ఆ రివెట్టును తొలిచి మరల వేయవలసినదే. వెలుపలి దెబ్బ వీధి చివరకు వినబడును. లోపలి చేయి ఎవరికిని కనబడదు. ఈ యింటిలో ఆ లోపలి చేయి ఇల్లాలిది.

రెక్కలు, తోక, మధ్యభాగము ముగిసిన పిమ్మట యంత్రభాగములను అమర్చు పని ప్రారంభమగును. ఇంజనునకును మనుష్యులకును నడుమ ఉక్కురేకుతో నొక అగ్నికవచము నిలుపుదురు. నూనెగొట్టములు, విద్యుత్తీగలు దానిని దూరివచ్చు ప్రతి బెజ్జమును మంటకోర్చు లేపనముతో మూయవలెను. తీగ రేకు అంచున రాచుకొనకుండ రబ్బరు కమ్మి వేయవలెను. ఇంజను అదరునప్పుడు మరలు వదులుగాకుండ సన్నని తీగతో కట్టుదురు. ఆ తీగ పెనవేయు తీరు ఎట్టిదనగా మర వదులుగాబోయిన కొలది తీగ దానిని బిగించును. ఇంతటి శ్రద్ధతో అతడు తన యెదుటి ఫలకమున రెండు వెలుగుతెరలను, రేడియోను, విమానము తన యునికిని తానే తెలుపుకొను యంత్రమును అమర్చుకొనెను. ఈ కడపటి యంత్రము 2020 జనవరి 1 నుండి ఆ దేశపు ఆకాశమున పెక్కు ప్రాంతములలో తప్పనిసరి.

పిమ్మట పరీక్షాకాలము. క్రొత్త విమానమున సామాన్యముగా తొలి 25 గంటలో 40 గంటలో ప్రయాణికుల నెక్కించుకొనరాదు. ఆ కాలమంతయు కుడివైపు ఆసనము ఖాళీగా నుండెను. గడువు ముగిసిన నాడు ఆమెను కూర్చుండబెట్టుకొని యతడు ఎనిమిదివేల అడుగుల యెత్తున గంటసేపు విహరించి దిగెను. దిగిన పిమ్మట ఆమె "మళ్లీ ఎక్కను" అనెను. అతడు మ్రాన్పడెను. కారణ మడుగుటకు మారుగా కోపించెను. మూడు నెలలు ఆ యింట మాటలు కరవైనవి. ఆ దశలో అతడు మాకు వ్రాసెను: "మాస్టారూ, ఆరేళ్ల శ్రమ వృథా అయింది. అమ్మేద్దామనుకుంటున్నాను. మీరు చెబితే ఆమె వింటుంది. భయపడవద్దని కాస్త నచ్చచెప్పండి."

నచ్చచెప్పుటకు ముందు వినుట మంచిదని మాకు తోచి ఆమెతో టెలిఫోనులో మాటాడితిమి. ఆమె మాటలనే యిచ్చెదము: "భయం నాకెందుకు మాస్టారూ? ఆ రెక్కల్లో చెయ్యి పెట్టి ఆరేళ్లు దిమ్మె పట్టుకున్నదాన్ని. ఏ రివెట్టు ఎలా కూర్చుందో నాకు తెలియదా? కాని నా వైపు కూర్చుంటే కాళ్లు కొయ్యబారిపోతాయి. చెవుల్లో హోరు రాత్రిదాకా పోలేదు. బెల్టు మెడకి కోసుకుంది. ఆయన ఎదట రెండు తెరలున్నాయి, నా వైపు గాలి కంత అయినా లేదు. ఇదేమిటని అడిగితే, ఇన్ని వేల రివెట్లు వేసినవాణ్ణి దిండుకోసం నిలదీస్తావా అన్నారు."

ఇది మాకు పరీక్షలో తేలిన లోపముల పట్టికవలె తోచినది. మేము శిష్యునకిట్లు వ్రాసితిమి: "నాయనా, ఇన్ని గంటలు యంత్రమును పరీక్షించితివి. కుడివైపు ఆసనమును పరీక్షించినవారెవరు? ఆమె ఒక గంటలో ఆ పని ముగించినది. ఒక్కసారి నీవా ఆసనమున కూర్చుండి, పిమ్మట ఆమెకేమి నచ్చచెప్పవలయునో మాకు తెలుపుము." అతడు బుద్ధిమంతుడు. మరుసటి వారమే పైలట్టయిన మిత్రునొకని ఎడమవైపున కూర్చుండబెట్టి, తాను కుడివైపున గంటసేపు తిరిగివచ్చెను. ఆపై వచ్చిన యుత్తరము మిక్కిలి చిన్నది. "అమ్మను మాస్టారూ. పలకాబలపం తీసుకున్నాను."

ఆ శీతకాలమున వారిద్దరును చేసిన పని చదువరులకు తెలియదగినది. ముందు చలి. వేయి అడుగులు పైకేగిన కొలది గాలి సుమారు రెండు డిగ్రీలు చల్లబడును. ఎనిమిదివేల అడుగుల యెత్తున నేలకంటె పదునారు డిగ్రీలు తక్కువ. అట్టి గాలి రేకుల సందులనుండి పాదములమీద కొట్టుచుండెను. సందులు మూసిరి. ఇంజను పొగగొట్టముచుట్టును రేకుతొడుగు వేసి, ఆ నడుమ వేడెక్కిన గాలిని లోనికి తెచ్చు గొట్టము ఎడమవైపునకు మాత్రమే యుండగా, కుడివైపునకు నొక శాఖ చేర్చిరి. కాని యీ వెచ్చదనమున నొక గండము కలదు. పొగగొట్టము చిట్లినచో కార్బన్ మోనాక్సైడు ఆ గాలితో కలిసి లోనికి వచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు చేరవలసిన చోటును తానాక్రమించును. మనిషి నిదుర వచ్చినదనుకొనుచునే సొమ్మసిల్లును. అందువలన దానిని పసిగట్టి మ్రోగు పరికరమును అమర్చిరి. వేసవికై కుడి ప్రక్కను గాలిద్వారము తెరచిరి. ఉపరితలమునకు బయటికి పొడుచుకొని రాక, లోనికి పల్లముగా దిగు ఆ ద్వారపు రూపము 1945లో అమెరికా ప్రభుత్వ పరిశోధకులు నిర్ణయించినది. గాలి లోనికి వచ్చును, వేగమునకు పెద్ద యాటంకముండదు.

పిమ్మట ఆసనము. మెత్తనిదే సుఖమని మనమనుకొందుము. చవుక స్పంజి కూర్చుండగనే అణగిపోవును. విమానము గట్టిగా నేలను తాకినచో అది పూర్తిగా నలిగి, దెబ్బ వెన్నుపూసకు మరింత బలముగా తగులును. మెల్లగా అణగి మెల్లగా లేచు నురుగుపదార్థమొకటి 1966లో నాసావారి పనిలో భాగముగా విమానాసనములకై రూపొందినది. ఆ జాతి దానిని, క్రింద గట్టిది పైన మెత్తనిది గాగ పొరలుగా వేసి, మంటకోర్చు వస్త్రముతో కప్పిరి. ఆమె పొడవునకు తగినట్లు ఆసనము ఎత్తు చేయగా భుజమునుండి వెనుకకు పోవు బెల్టు మెడను విడిచి భుజముమీద నిలిచినది. ప్రమాదమున బెల్టు ఆ చోట నుండుటయే ప్రాణరక్ష గావున, ఇచట సుఖమును క్షేమమును ఒక్కటియే యయ్యెను.

హోరునకు మందు మనవాని బిడ్డ కనిపెట్టినది. బెంగాలునుండి వలసపోయిన స్వాతంత్ర్యయోధుని కుమారుడు అమర్ బోస్ 1978లో విమానప్రయాణము చేయుచు, వచ్చు ధ్వనితరంగమునకు సరిగా ఎదురు తరంగమును పుట్టించి రెంటిని అణచు చెవితొడుగును ఊహించెను. 1986లో వాయేజర్ విమానము ఎచటను దిగక తొమ్మిది దినములలో భూమిని చుట్టివచ్చినప్పుడు డిక్ రుటాన్, జీనా యేగర్ అనువారు ఇట్టి తొడుగుల తొలిరూపములను ధరించిరి. మా శిష్యునకట్టిది ముందే యుండెను. ఆమెకు ఇచ్చినది పాత తొడుగు. ఇప్పుడు రెండును ఒకటే.

ఇందులకు బరువు పెరుగదా యని యడుగుదురేమో. మా శిష్యుని మొదటి వాదమును అదే. విమానశబ్దమే 'మా' ధాతువునుండి వచ్చినది. ఆ ధాతువునకు కొలుచుట యని యర్థము. ఇచట తూచనిది ఏదియు ఎక్కరాదు. బరువెంతయో గాక ఎచట నున్నదో కూడ చూడవలెను: భారకేంద్రమునకు మూడు మీటర్ల వెనుక నున్న రెండు కిలోలు, ఒక మీటరు వెనుక నున్న ఆరు కిలోలంత బలముగా తోకను క్రిందికి లాగును. వారు విమానమును మరల మూడు త్రాసులమీద నిలిపి తూచిరి. పెరిగినది ఏడు కిలోలు. అదియు భారకేంద్రమునకు దాపుననే. ఒక చిన్నసంచి సామాను మానుకొన్న సరిపోవును.

విమానచరిత్రయు ఈ మాటనే చెప్పును. 1903 డిసెంబరు 17న రైటుసోదరుల విమానము 12 సెకనులలో 120 అడుగులు పోయినప్పుడు నడుపువాడు బోర్లపడుకొని యుండెను. రెండవవానికి చోటు లేదు. 1908లో ఇద్దరు నిటారుగా కూర్చుండు ఆసనములను అమర్చిన తరువాతనే, మే 14న చార్లెస్ ఫర్నాస్ తొలి ప్రయాణికుడయ్యెను. రెండవ ఆసనము వచ్చిన నాడే ఆ యంత్రము లోకమునకు వాహనమైనది.

సంస్కృతము చదువుకొన్నవారము గావున మరియొక మాట చెప్పుట మా విధి. విమానముల ప్రసక్తి వచ్చినంతనే మనలో కొందరు వైమానికశాస్త్రమను గ్రంథమును ఎత్తి, అన్నియు మనకు ముందే తెలియునందురు. 1974లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పండితులు దానిని పరిశీలించి, అది 1904కు పూర్వపుది కాదనియు, అందలి యాకారములు ఎగురజాలవనియు తేల్చిరి. పుష్పకమున ఎందరెక్కినను మరియొకరికి చోటుండునను కథ మనోహరమైనది. కాని ఆ కథ చెప్పుకొని మురియుటకంటె, ప్రక్కనున్న యొక మనిషికి చోటు సరిచేయుట కష్టము, మేలైనది కూడ.

విమానములు మన యిండ్లలో లేవు. రెండవ ఆసనములు మాత్రము ప్రతి యింటను కలవు. ఆ విమానమున ప్రయాణికునకు కనబడునట్లు ఒక ఫలకము నుంచవలెనని చట్టము: ఇది ఔత్సాహికులు కట్టినది, మామూలు విమానముల భద్రతానియమములకు సరిపడునది కాదని. చట్టము ఆమెను హెచ్చరించుట మరువలేదు. పాదములకు వెచ్చదనమిచ్చుట ఇంటివారు మరచిరి. మన యిండ్ల సంగతి యేమి? లక్షలు పోసి కట్టిన యింటిలో ముందుగదికి నాపరాళ్ళు, పెద్ద తెర, చలియంత్రము. వంటింటికి జానెడు కిటికీ. వంటగట్టు ఎత్తు తాపీమేస్త్రి చేతికి తోచినంత. అచట నిలుచునామె యెత్తు అడిగినవారు లేరు. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపము పథకము, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకము గ్యాసుపొయ్యిలనిచ్చి కొంత మేలు చేసినవి. అయినను ఇంటిపొయ్యిల పొగవలన 2020లో లోకమున 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. విమానములో ఏ విషవాయువునకు వెరచి గంట అమర్చుదురో, అదియే కట్టెపొయ్యి యెదుట ఊదుకొట్టముతో కూర్చున్న తల్లి పీల్చుచున్నది.

"మా యింట నెవ్వరును ఫిర్యాదు చేయలేదు" అని గృహస్థులనుట వినుచుందుము. ఆరేండ్లు దిమ్మె పట్టిన యామెయు ఫిర్యాదు చేయలేదు. ఎక్కనని మాత్రమే యనినది. అట్లనుటకైనను ఎందరి యిల్లాండ్రకు వీలున్నది? విమానము మానవచ్చును, వంటిల్లు మానరాదు గదా. కావున క్రొత్తయిల్లు కట్టువారు గాని పాతయిల్లు బాగుచేయువారు గాని మేస్త్రిని పిలుచుటకు ముందు, వైశాఖమాసపు మధ్యాహ్నమొకనాడు వంటగట్టునొద్ద ఒక గంట నిలిచి పప్పు, కూర, అన్నము స్వయముగా వండవలెనని మా మనవి. పిమ్మట కొలబద్ద నామె చేతికిచ్చి, గట్టెంత యెత్తో, కిటికీ ఎచటనో ఆమెనే గుర్తుపెట్టుమనవలెను.