అవతలి ఒడ్డు దాకా

14 మే 2024, మంగళవారం

పోలింగ్ డ్యూటీ ముగించుకుని ఇల్లు చేరేసరికి తెల్లారిపోయింది. పగలంతా కుర్చీలోనే, రాత్రీ కుర్చీలోనే. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టలేదు.

మధ్యాహ్నం లేచాక రిపోర్టు మళ్లీ తీసి చూశాను. మూడు నెలల షుగరు 6.2. ఇంకా జబ్బు కాదట, అంచట. 5.7 నుంచి 6.4 దాకా అంచే. నాన్న ఈ అంచు మీద ఎన్నేళ్లు ఉన్నారో. కాలి వేలు తీసేసే రోజు దాకా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆయనకీ తెలీదు.

నాకు తెలిసింది. తెలిసి ఏం చేస్తాను?

19 మే, ఆదివారం

ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ఏటా పిల్లలకి చెప్పే పాఠమే. ఇవాళ నాకోసం లెక్కేసుకున్నాను. ఇప్పుడు ఒంట్లో తిరుగుతున్న, చక్కెర పట్టిన ఈ కణాలన్నీ సెప్టెంబరు నడిమికి పోతాయి. అప్పటికి ఉండేదంతా కొత్త నెత్తురు.

దానికి ఏం పెట్టాలి, ఎంత కదపాలి... అంతా ఇక నా చేతిలోనే.

మెట్ల కింద మా చిన్నమ్మాయి ఇంటర్ నాటి లేడీబర్డ్ సైకిలు ఉంది. దుమ్ము దులిపాను. రెండు చక్రాలూ నేలకి అంటుకుపోయి ఉన్నాయి.

22 మే, బుధవారం

సైకిల్ షాపు తాత వెనక చక్రం ఊడదీశాడు. కోను విప్పి బేరింగు బాల్సు అరచేతిలోకి రాల్చాడు. నల్లటి జిగురు. కిరసనాయిలు పోసిన రేకు డబ్బాలో వేసి ఆడించి, ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి, వెలుగుకి పట్టి చూశాడు. గరుకు తేలినవి పారేశాడు. కప్పులో గ్రీజు నింపి, మిగిలినవాటిని, నాలుగు కొత్తవాటిని వేలితో అద్దాడు. తిప్పి వదిలితే చక్రం చాలాసేపు చప్పుడు లేకుండా తిరిగింది.

సీటు నేను దించమన్నాను. ఒప్పుకోలేదు. "మడమ పెడలు మీద పెట్టండమ్మా. పెడలు అడుక్కి వచ్చినప్పుడు కాలు చాపుగా ఉండాలి. సీటు దించుకుని తొక్కేవాళ్లకే మోకాళ్లు పోయేది."

రాత్రి కూర్చుని ఆ మాట మీద బొమ్మ గీసుకున్నాను. నిజమే. మోకాలు ఎంత మడిస్తే చిప్ప కింద అంత ఒత్తిడి.

26 మే, ఆదివారం

ఆవకాయ కలిపాం. అత్తయ్య చెయ్యి, నా కళ్లు. కొలగిన్నెతో ఉప్పు పోస్తుంటే గుండె గుభేలుమంది. రోజంతటికీ ఉప్పు 5 గ్రాములు మించొద్దని హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఈ నెలే చెప్పింది. 5 గ్రాములంటే ఒక్క చిన్న చెంచా. సగం పళ్లెం కూరలూ ఆకుకూరలూ పళ్లూ ఉండాలని కూడా రాశారు. మన పళ్లెంలో సగానికి పైగా అన్నమే కదా.

ఆవకాయ మానను. ఒక్క ముక్క, ముద్దపప్పుతో. రెండో ముక్క రేపటికి.

"అన్నం అంతేనా?" అన్నారు అత్తయ్య. ఆ అడగడంలో ఎంత దిగులో.

3 జూన్, సోమవారం

రోహిణి కార్తె. ఏడింటికే రోడ్డు సెగలు కక్కుతుంది. నాలుగున్నరకి లేస్తే తప్ప కుదరదు.

బీఆర్టీఎస్ రోడ్డు మీద తొక్కాను. చున్నీ నడుముకి గట్టిగా కట్టేశాను. ఒంటి మీద గాలి. ఎన్నేళ్లకి! నడకకొచ్చిన ఇద్దరు మగాళ్లు ఆగి చూశారు. చూడనీ.

ఇవాళ ప్రపంచ సైకిల్ దినమని పేపర్లో ఉంది. పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకి సైకిల్ మీదే వెళ్లేవారని నాన్న ఎన్నిసార్లు చెప్పారో. ఈ బెజవాడలో సైకిలంటే ఒకప్పుడు మర్యాద.

13 జూన్, గురువారం

బడి తెరిచారు. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే ఆరో తరగతి ఆడపిల్లలు వరండా అంతా పరుగులు. తొమ్మిదో తరగతి పిల్లలు నడిచి వచ్చారు. పుస్తకాలు గుండెలకి హత్తుకుని, మెల్లగా.

ఆరుకీ తొమ్మిదికీ మధ్య ఏం జరుగుతుంది?

నేను ఏడో తరగతి దాకా ఖోఖో ఆడాను. తర్వాత మానెయ్యమన్నవాళ్లు ఎవరో గుర్తు లేదు. ఎవరూ అనలేదేమో కూడా.

30 జూన్, ఆదివారం

బస్టాండు మీదుగా ప్రకాశం బ్యారేజీ దాకా తొక్కాను. సైకిలు ఈ చివర తాళం వేసి, మొదటిసారి పరిగెత్తాను. పరుగనకూడదు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. పన్నెండో ఎక్కం పైకి చెప్పగలగాలి, అంత వేగమే. మాట తెగిందంటే గుండె మీద భారం ఎక్కువైనట్టు.

పన్నెండు ఏళ్లు ఎనభై నాలుగు దగ్గర తెగింది. నడిచాను. మళ్లీ మొదలు.

అవతల ఊళ్ల నుంచి పాలక్యాన్లు, పూలబుట్టలు కట్టుకుని సైకిళ్లు వస్తున్నాయి. వాళ్లకి ఇది వ్యాయామం కాదు, బతుకు. ఒకాయన బెల్లు కొట్టి, "కానివ్వండమ్మా, కానివ్వండి" అంటూ వెళ్లిపోయాడు.

7 జులై, ఆదివారం

పిక్కల ముందు ఎముక వెంట నొప్పి. నాలుగు రోజులు సైకిలే, పరుగు లేదు.

రెండూ ఎందుకు, ఒకటి చాలదా అన్నారు ఈయన. చాలదు. సైకిలు గుండెకి మంచిది, మోకాళ్లని కాపాడుతుంది. ఎముక గట్టిపడాలంటే మాత్రం ఒంటి బరువు నేలని తాకాలి. నెలసరి ఆగే వయసులో ఎముక ఎంత త్వరగా పల్చబడుతుందో అమ్మ తుంటి విరిగినప్పుడు చూశాను. సైకిలు మీద కూర్చుంటే బరువంతా సీటు మోస్తుంది. పరుగులో నేను మొయ్యాలి.

ఇదంతా ఆయనకి చెప్పలేదు. "రెండూ ఇష్టం" అన్నాను.

28 జులై, ఆదివారం

తిండిలో మార్చింది పెద్దగా ఏమీ లేదు. వరస మార్చాను. ముందు కూర, పప్పు. తర్వాత అన్నం. చివర మజ్జిగ. దొండకాయో బీరకాయో గిన్నెడు తిన్నాక అన్నం మీద ఆ ఆబ ఉండదు. పీచు ముందు వెళ్తే చక్కెర నెత్తుట్లోకి మెల్లగా చేరుతుంది. సాయంత్రం బడి నుంచి రాగానే బిస్కెట్ల డబ్బా బదులు ఉడకబెట్టిన శనగలు. ఉల్లిపాయ, నిమ్మకాయ.

అత్తయ్య ఇవాళ తనంతట తనే జొన్నపిండి తెప్పించారు. "మా చిన్నప్పుడు వరన్నం పండక్కే" అన్నారు. రొట్టె చేత్తోనే కొట్టారు, పీట మీద, నీళ్లద్దుకుంటూ. ఎనభై ఏళ్ల మణికట్టు. అంచు ఎక్కడా చిట్లలేదు.

నాకు రాలేదు. విరిగింది. రేపు మళ్లీ కూర్చోపెట్టుకుంటానన్నారు.

11 ఆగస్టు, ఆదివారం

బ్యారేజీ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా, 1223 మీటర్లు, ఆగకుండా.

సీతానగరం వైపు చేరాక రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. చెవుల్లో గుండె. ఎదురుగా ఇంద్రకీలాద్రి మీద దీపాలు ఇంకా ఆర్పలేదు. కింద నది నిండుగా ఉంది.

ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. చెయ్యాలనిపించలేదు.

1 సెప్టెంబరు, ఆదివారం

నిన్నంతా వాన. రాత్రంతా వాన. తెల్లారేసరికి బుడమేరు వాగు సింగ్ నగర్ మీద పడింది. లెక్కల టీచరు ఫోన్. కింది వాటాలోకి నీళ్లొచ్చాయి, మూడో అంతస్తుకి చేరామంది. తర్వాత ఫోన్ కలవలేదు.

2 సెప్టెంబరు, సోమవారం

బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైన వదులుతున్నారు. ఇంత నీరు ఎన్నడూ రాలేదంటున్నారు. పడవలు కొట్టుకొచ్చి గేట్లకి తగిలాయి. టీవీలో చూస్తున్నాను, నేను పరిగెత్తే చోటే.

సింగ్ నగర్ ఫ్లైఓవరు దాకా వెళ్లాం, పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు పట్టుకుని. అక్కణ్ణుంచి పడవలే. రోడ్డెక్కడో తెలీదు. మెడలోతు నీళ్లలో ఒకతను తలమీద పసిపాపని పెట్టుకుని వస్తున్నాడు. ఆ చేతులు వణకలేదు. ఎంత దూరం నుంచి అలా వచ్చాడో.

10 సెప్టెంబరు, మంగళవారం

నీరు తీసింది. టీచరు ఇంటికెళ్లాను. కరెంటు లేదు, మోటారు లేదు. ట్యాంకరు సందు మొదట్లో ఆగుతుంది. బిందెలతో, బకెట్లతో మూడో అంతస్తుకి నీళ్లు. పై వాటాలో ఉన్న ముసలమ్మగారికీ మొయ్యాలి. మెట్ల మీద అరంగుళం బురద, జారుడు. మోస్తూ దిగుతూ సాయంత్రమైంది.

ఆయాసం రాలేదు. ఈ సంగతి ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే తట్టింది. పోయినేడు మా ఇంటి రెండో అంతస్తుకి కూరగాయల సంచీతో ఎక్కితే మలుపులో ఆగేదాన్ని.

22 సెప్టెంబరు, ఆదివారం

గాలి కొట్టించుకుందామని షాపుకెళ్లాను. మునిగిన సైకిళ్లు వరసగా గోడకి ఆనించి ఉన్నాయి. ప్రతి బేరింగులో ఒండ్రు. తాతది కూడా సింగ్ నగరే. ఇంటి సంగతి అడిగాను. "గోడలు ఉన్నాయమ్మా" అని చక్రం తిప్పుకుంటూ కూర్చున్నాడు.

పేపర్లు వేసే కుర్రాడి సైకిలు ముందు చేస్తున్నాడు. డబ్బులు తర్వాత ఇమ్మన్నాడు. నావంతు ఆలస్యమైనా ఫరవాలేదన్నాను.

ఇవాళ పరుగు లేదు. నడిచే ఇంటికొచ్చాను.

6 అక్టోబరు, ఆదివారం

దసరా జనం. బ్యారేజీ వైపు వెళ్లే వీల్లేదు. బడి ఆవరణలోనే పరిగెత్తాను, వేపచెట్ల చుట్టూ.

రిపోర్టు వచ్చింది. 5.9. నడుము కొలత 91 నుంచి 86 సెంటీమీటర్లకి వచ్చింది. మన ఆడవాళ్లకి 80 దాటకూడదంటారు. బరువు పెద్దగా తగ్గలేదు.

కొత్త నెత్తురే. అయినా ఇంకా అంచు మీదే. సంతోషమేనా ఇది? సంతోషమే.

ప్రసాదం చక్కెర పొంగలి, ఒక చెంచా. కళ్లకద్దుకుని, నెమ్మదిగా తిన్నాను. పచ్చకర్పూరం వాసన ఇంతసేపు నాలుక మీద నిలుస్తుందని తెలీదు.

17 నవంబరు, ఆదివారం

రాత్రి భోజనమయ్యాక పదిహేను నిమిషాలు నడుస్తున్నాను. తిన్న వెంటనే కండరాలు కదిలితే ఆ చక్కెర వాటికే పోతుంది. ఈ వారం నుంచి ఈయన కూడా వస్తున్నారు. మొదటి రోజు ఫోన్ తెచ్చుకున్నారు. ఇవాళ తేలేదు.

ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు. కరెంటు బిల్లు, చిన్నదాని ఉద్యోగం, వాళ్ల నాన్నగారి పాత రేడియో. ఇలా పక్కపక్కన నడిచి ఎన్నాళ్లయిందో ఆయనా లెక్కేసుకుంటున్నారేమో. అడగలేదు.

14 జనవరి 2025, మంగళవారం

సంక్రాంతి. చిన్నది వచ్చింది. అరిసెలు వండాం. రెండు తిన్నాను, వేడివేడిగా, నేతివి. పండగపూట లెక్కలు వద్దు. రేపు మళ్లీ మామూలే.

తెల్లవారుజామున మంచులో చిన్నదీ నేనూ బ్యారేజీ మీద పరిగెత్తాం. సగం దూరంలో అది ఆగిపోయింది. డొక్కలో పోటు. "అమ్మా, నువ్వెళ్లు" అంది. వెళ్లలేదు. దానితో నడిచాను.

"ఆఫీసులో రోజంతా కూర్చునే ఉంటానమ్మా" అంది, నది వైపు చూస్తూ. ఇరవై మూడేళ్లు దానికి.

వెళ్లేటప్పుడు సైకిలు తీసుకెళ్లమంటే, "నీకు కావాలిగా" అంది. హైదరాబాదులోనే ఒకటి కొనిపించాలి.

15 ఫిబ్రవరి, శనివారం

చివరి పీరియడు పీఈటీ సారు రాలేదు. తొమ్మిదో తరగతి ఆడపిల్లల్ని నేను గ్రౌండులోకి తీసుకెళ్లాను. మొదట ఎవరూ కదల్లేదు. ఒకరి వెనక ఒకరు నిలబడి నవ్వులు. చీర కుచ్చిళ్లు పైకి దోపి నేనే ముందు పరిగెత్తాను. రెండో చుట్టుకి నలుగురు వచ్చారు. తర్వాత ఇంకా.

ఆటో డ్రైవరుగారి అమ్మాయి, క్లాసులో నోరు విప్పని పిల్ల, నన్ను దాటి వెళ్లిపోయింది. ఏం పరుగు అది! మడమలు నేలని తాకినట్టే లేదు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి కూడా ఇలాంటి ఏదో ఒక బడి గ్రౌండులోనే మొదటిసారి కంటపడి ఉంటుంది. ఆ రోజు చూసి గుర్తించినవాళ్లు ఉన్నారు కాబట్టి ఒలింపిక్స్ దాకా వెళ్లింది. మరి దీన్ని చూసేదెవరు?

ఆగాక రొప్పుతూ అడిగింది. "మేడం, సోమవారం కూడా ఉందా?"

టైంటేబుల్లో వాళ్లకి వారానికి రెండు ఆటల పీరియడ్లున్నాయి. రెండూ సిలబస్ కోసం ఎవరో ఒకరం తీసేసుకుంటాం. నా సైన్సు పీరియడ్లు నాకు చాలు. ఆ రెండూ వాళ్లవి వాళ్లకి వదిలెయ్యమని హెడ్మాస్టరుగారిని అడగాలి. కాదంటే పొద్దున్నే ఎనిమిదింటికి రమ్మంటాను.

వీళ్లలో ఎంతమంది ఇంటర్‌లోనూ పరిగెడతారు? పెళ్లయ్యాక?

ఉంది అని చెప్పాను ఆ పిల్లకి.