తలంబ్రాల గింజలు

మా చిన్నప్పుడు ఊళ్లో పెళ్లంటే వీడియోవాడిదే సందడి. భుజాన కెమెరా, వెనకాల లైటు పట్టుకున్న కుర్రాడు, ఆ వేడికి చెమటలు పట్టిన పెళ్లికూతురు. నెల తిరిగాక వీహెచ్ఎస్ క్యాసెట్టు ఇంటికొచ్చేది. అద్దెకు వీసీఆర్ తెచ్చి వేస్తే వీధి వీధంతా మా వసారాలోనే ఉండేది. ఎవరి మొహాలు వాళ్లు వెతుక్కునేవారు.

2000 ప్రాంతానికి వీసీడీలొచ్చాయి. బజారు స్టూడియోలో కంప్యూటర్ పెట్టారు. బడి వదిలితే నా మకాం అక్కడే. వీసీఆర్ వెనక నుంచి పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు కంప్యూటర్లోని క్యాప్చర్ కార్డుకు వెళ్లేవి. బొమ్మ పసుపు వైరులో, మాట మిగతా వాటిలో. మూడు గంటల క్యాసెట్టు ఎక్కాలంటే మూడు గంటలూ ఆడాల్సిందే. నడుమ కరెంటు పోతే మళ్లీ మొదటికి. స్టూడియో అన్న వీసీఆర్ హెడ్ తుడిచి, తెర మీది తెల్లగీతలు పోయేదాకా ట్రాకింగ్ సరిచేసేవాడు.

"బొమ్మ ఇంత చిన్నగా ఎందుకన్నా?"

"పెద్దగా పడితే డిస్కు చాలదురా."

నిజమే. మన టీవీల పాల్ పద్ధతిలో బొమ్మకు 576 గీతలు. సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు, ఒకటి బేసి గీతలది, ఇంకొకటి సరి గీతలది. వీసీడీ కొలత 352x288. అందులో ఒక ఫీల్డు పాటి గీతలే మిగులుతాయి, కదలికలో సగం పోతుంది. 720x576లో కుదించకుండా పడితే గంటకు దాదాపు 75 జీబీ కావాలి.

అన్న పెద్ద హార్డ్ డిస్కు కొన్నాక మా పిన్ని పెళ్లి క్యాసెట్టును పూర్తి కొలతలో ఎక్కించాడు. వీసీడీలో తెల్లటి మసకగా కనిపించిన తలంబ్రాలు గింజ గింజగా రాలాయి. ఫ్రేము ఆపి చూస్తే కదిలే చేతి అంచు దువ్వెన పళ్లలా విడిపోయింది: సెకనులో యాభయ్యో వంతు తేడాతో రెండు క్షణాలు ఒకే బొమ్మలో ఉన్నాయి. వీహెచ్ఎస్‌లో అడ్డంగా దొరికే వివరం 240 గీతల పాటిదే. పెద్ద కొలత కొత్త వివరాన్ని పుట్టించదు, ఉన్నదాన్ని పోనివ్వదు.

అందుకే చెబుతున్నాను, వీసీడీ చేయించాం కదా అని క్యాసెట్టు పారేయకండి. చెమ్మకు టేపు బూజు పడుతుంది. జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లోనే వీసీఆర్ల తయారీ ఆపేసింది. ఆడే వీసీఆర్ దొరుకుతున్నప్పుడే, రెండు ఫీల్డులూ ఉంచి, పూర్తి కొలతలో మళ్లీ పట్టించండి. ఆ పందిట్లో తిరిగిన మన పెద్దల నడక సగం కాదు, మొత్తం పిల్లలకు అందాలి.