సుమో దిగి... ఏ బండెక్కాలి?

తెల్లవారుజామున నాలుగున్నర. చంద్రగిరి కొండకి ఇంకా వెలుగు తగల్లేదు. కోటకి పోయే దారిలో ఓ ఇంటి ముందు తెల్లటి సుమో గోల్డ్ నిలబడి ఉంది. యజమాని బానెట్ మీది మంచు తుడిచి, ముందద్దం దగ్గరున్న బుల్లి వెంకన్నకి అగరుబత్తి చూపించి తాళం తిప్పుతాడు. ఒకసారి దగ్గి, ఇంకోసారి మూలిగి, మూడోసారికి ఇంజన్ అందుకుంటుంది. ఆ చప్పుడుకే పక్కింటి వాళ్ళకి తెల్లవారుతుంది.

ఈ రోజు బేరం తిరుమల, అక్కణ్నుంచి శ్రీకాళహస్తి. రేపు కాణిపాకం. ఎల్లుండి... ఎల్లుండి మాత్రం బేరం లేదు. బండిని ఫిట్‌నెస్‌కి తీసుకుపోవాలి. ఎనిమిదేళ్ళు దాటిన టాక్సీకి ఏటా ఆ పరీక్ష తప్పదు. ఈ సుమోకి పదమూడేళ్ళు నిండాయి. పరీక్షకి పోయే ప్రతిసారీ ఖర్చు పెరుగుతోంది, గుండె దడా పెరుగుతోంది. ఈసారి ఇంటిల్లిపాదీ ఒక మాట అనుకున్నారు... ఇక చాలు, బండి మార్చాలి.

మార్చడం సరే. దేనికి మార్చాలి? చిక్కంతా అక్కడే వచ్చిపడింది. సుమో పోతే సుమో కొందామంటే, ఆ బండి తయారీయే 2019లో ఆగిపోయింది!

పెట్టెలాంటి బండి

సుమో 1994లో రోడ్డెక్కింది. చాలామంది జపాన్ మల్లయోధుల పేరనుకుంటారు గానీ, ఆ రెండక్షరాలూ టెల్కో సంస్థని నడిపించిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోవి. 'సు' సుమంత్‌ది, 'మో' మూల్గావ్‌కర్‌ది. చూడ్డానికి అగ్గిపెట్టెకి చక్రాలు తగిలించినట్టుండేది. వంపులూ సొంపులూ లేవు. కానీ ఆ పెట్టె ఆకారంలోనే ఉంది సంగతంతా. తలుపు నిటారుగా ఉంటుంది కాబట్టి ముసలివాళ్ళు వంగకుండా ఎక్కొచ్చు. పైకప్పు చదునుగా ఉంటుంది కాబట్టి క్యారియర్ మీద పెళ్ళి సామానూ కట్టొచ్చు, మామిడి బుట్టలూ కట్టొచ్చు. వెనక ఎదురెదురు బల్లసీట్ల మీద నలుగురు, సర్దుకుంటే ఆరుగురు!

రాయలసీమకీ సుమోకీ సినిమావాళ్ళు వేరే చుట్టరికం కలిపారు. తెరమీద సుమోలు వరసగా వస్తున్నాయంటే కత్తులు దిగుతాయనే. 2002లో వచ్చిన 'ఆది'లో సుమోలు గాల్లోకి లేచిన సన్నివేశం ఇప్పటికీ జనం నోళ్ళలో ఉంది. చంద్రగిరి వీధుల్లో మాత్రం సుమోలోంచి దిగింది గుండు చేయించుకున్న పసిపిల్లలు, పురిటికి పోయొచ్చిన తల్లులు, పట్టుచీర కొంగుల్లో లడ్లు మూటగట్టుకున్న అవ్వలు.

ఇలాంటి పెట్టె బళ్ళన్నీ ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. 2000లో వచ్చిన క్వాలిస్ జనం ఎగబడి కొంటుండగానే 2005లో ఆగిపోయి, ఇన్నోవాకి దారిచ్చింది. 2004లో వచ్చిన టవేరా 2017లో పోయింది. సుమో వంతు 2019లో వచ్చింది. ఆ ఏడాది జులై నుంచి ప్రతి కారుకీ డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు, వెనక సెన్సర్లు, వేగం హెచ్చరికలు తప్పనిసరి అన్నారు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ఇంజన్ ఉండాలన్నారు. పాత బండిని అంత మార్చే బదులు ఆపేయడమే నయమనుకుంది కంపెనీ. ఇరవై అయిదేళ్ళ కథ ముగిసింది.

అరుగు మీద పంచాయితీ

సాయంత్రం దీపాలు పెట్టాక ఆ ఇంటి అరుగు మీద పంచాయితీ మొదలైంది. ఇంటాయన, ఇల్లాలు, శ్రీసిటీలో ఉద్యోగం చేసే కొడుకు, తిరుపతిలో మెకానిక్ పనిచేసే బావమరిది, మూలన ఆకు వక్క నములుతూ అవ్వ.

ఇంటాయన మనసు బొలెరో మీద ఉంది. సుమోకి మిగిలిన దగ్గర చుట్టం అదొక్కటే. 2000లో వచ్చి ఇంకా నిలబడి ఉంది. అదే పెట్టె ఆకారం, కింద ఇనుప చట్రం, వెనక చక్రాలే తోసే బండి. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1500 సీసీ లోపు డీజిల్ ఇంజన్ ఉన్న బండికి సెస్సుతో కలిపి 31 శాతం ఉన్న పన్ను 18కి దిగింది. బొలెరో పొడవు 3,995 మిల్లీమీటర్లు. అయిదు మిల్లీమీటర్ల తేడాతో గీతకి ఇవతలే ఉంది!

"చెడిపోతే ఏ పల్లెలో అయినా బాగుచేస్తారు. ఇంకేం కావాల?" అన్నాడాయన.

"వెనక సీట్లు అడ్డంగా ఉంటాయి గదా, వాటి మాటేంది?" అంది ఇల్లాలు.

ఆమె అడిగింది చిన్న విషయం కాదు. బొలెరోలో మూడో వరుస ఎదురెదురుగా కూర్చునే బల్లలే. బండి దేనికైనా గుద్దుకుంటే మనిషి పక్కకి విసురుగా పోతాడు. ముందుకి చూస్తూ, వీపు ఆనించి, భుజం మీదుగా బెల్టు పెట్టుకున్న మనిషికున్న రక్ష అక్కడ ఉండదు. చంద్రగిరి నుంచి తలకోనకి పోవాలంటే భాకరాపేట ఘాట్ దాటాలి. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బృందం బస్సు ఆ ఘాట్‌లోనే లోయలో పడింది. ఆ రాత్రి సంగతి ఈ చుట్టుపక్కల ఊళ్ళు ఇంకా మరిచిపోలేదు. ఆ ఇల్లాలైతే అసలే మరిచిపోలేదు. భర్త ఘాట్ ఎక్కిన ప్రతి రాత్రీ ఫోను పక్కన పెట్టుకునే పడుకుంటుంది.

కొడుకు ఇంకో మాట కలిపాడు. "నాయనా, బొలెరో నియోకి 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు ఒక్క నక్షత్రమే ఇచ్చినారు."

"సుమోకి ఎన్ని నక్షత్రాలు చూసి కొన్నాంరా? పదమూడేళ్ళు తిరగలేదా?"

"తిరిగింది నీ చేతి చలవ నాయనా, బండిది గాదు."

ఇంటాయనకి కోపం రాలేదు. కొంచెం గర్వంగానే అనిపించింది.

డైరీ చెప్పిన లెక్క

అప్పుడు బావమరిది ఒక తెలివైన పని చేశాడు. "బావా, నీ ట్రిప్పుల పుస్తకం తీ" అన్నాడు. పాత డైరీ బయటికొచ్చింది. ఏడాది బేరాలన్నీ లెక్కేశారు. పదిమంది ఎక్కిన ట్రిప్పులెన్ని? నలుగురైదుగురు ఎక్కినవి ఎన్ని?

ఫలితం చూసి అందరూ నివ్వెరపోయారు. పదిమంది బేరాలు పెళ్ళిళ్ళ సీజన్‌లోనూ, కనుమ నాడు ఎ.రంగంపేట పశువుల పండగకి పోయే చుట్టాలప్పుడూ, అంతే. మిగతావన్నీ రైలు దిగో, విమానం దిగో వచ్చే కుటుంబాలు. అమ్మా నాన్నా, ఇద్దరు పిల్లలు, ఒక పెద్దామె. వాళ్ళడిగే మొదటి ప్రశ్న 'ఎన్ని సీట్లు?' కాదు. 'వెనక ఏసీ వస్తుందా?'

పదిమంది కోసం పెద్ద బండి ఉంచుకుని, అయిదుగురిని తిప్పుతూ వచ్చారన్నమాట!

బండి కొనబోయే ఏ ఇంటికైనా ఈ లెక్క పనికొస్తుంది. ఏడాదిలో రెండుసార్లు వచ్చే అవసరానికి బండి కొనకూడదు, రోజూ ఉండే అవసరానికి కొనాలి. ఆ రెండుసార్లకీ అద్దె బండి తెచ్చుకోవచ్చు. నిజంగానే రోజూ పదిమందిని మోసేవాళ్ళకి ఫోర్స్ ట్రాక్స్ క్రూయిజర్ ఉండనే ఉంది. 2023లో వచ్చిన దాని సిటీలైన్ రకంలో డ్రైవరుతో కలిపి పదిమందీ ముందుకి చూసే కూర్చోవచ్చు.

వరసగా వచ్చిన సంబంధాలు

ఇక పెళ్ళికొడుకుల్ని చూసినట్టు బళ్ళని చూడటం మొదలైంది.

ఇన్నోవా క్రిస్టా: ఇనుప చట్రం, వెనక చక్రాల తోపు, 2.4 లీటర్ల డీజిల్ ఇంజన్. తిరుపతి టాక్సీలలో దానికున్న పరువు దేనికీ లేదు. కానీ ధర? సుమో గోల్డ్‌కి పెట్టినదానికి రెండింతల పైమాటే. ఆ వాయిదాలు కట్టాలంటే ఇంటాయన నిద్రపోకుండా నడపాలి. నిద్రపోకుండా నడిపే బండి ఎంత గట్టిదైనా ఏం లాభం?

ఎర్టిగా: 2012 నుంచీ ఉన్న నమ్మకమైన బండి. డీజిల్ రకం 2020లో ఆగిపోయింది. ఇప్పుడు పెట్రోలు, సీఎన్‌జీ. 2025 జులై నుంచి అన్ని రకాల్లోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు. సీఎన్‌జీతో కిలోమీటరు ఖర్చు తగ్గుతుంది గానీ వెనక సిలిండర్ కూర్చుంటుంది. ఏడుగురు ఎక్కితే సూట్‌కేసులకి చోటుండదు.

స్కార్పియో క్లాసిక్: బలం ఉంది, దర్జా ఉంది. తొమ్మిది సీట్లది తీసుకుంటే వెనక మళ్ళీ అవే అడ్డబల్లలు. ఇల్లాలు తల అడ్డంగా ఊపింది.

కియా కారెన్స్: 2022లో వచ్చింది. మూడు వరుసలూ ముందుకే చూస్తాయి. డీజిల్ ఉంది, ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి, వెనక వరుస దాకా ఏసీ గాలి వస్తుంది. దానికీ 2022 పరీక్షలో వచ్చింది మూడు నక్షత్రాలే, అయిదు కాదు. ఇనుప చట్రం లేదు. ముందు చక్రాలు లాగే బండి.

ఈ చివరి మాట దగ్గర ఇంటాయన ఆగాడు. ముందు చక్రాల బండి ఘాట్ ఎక్కుతుందా? సందేహంలో అర్థముంది. మనుషులూ సామానూ నిండా ఉండి ఎత్తు ఎక్కుతుంటే బరువు వెనక్కి జారుతుంది. ముందు చక్రాల మీద భారం తగ్గి, ఇసుకో తడో ఉన్నచోట పట్టు సడలుతుంది. బురద దారుల్లో, తోటల్లో తిరిగే బండికి వెనక చక్రాల తోపు మేలనేది అందుకే. బావమరిది దానికి జవాబు చెప్పాడు. "బావా, నువ్వు తోటల్లో తిరుగుతా ఉండావా? తిరుమల ఘాట్ నున్నగా ఉండాది. పైగా ఆడ జోరుగా పోయేదే లేదు, నిమిషాలు లెక్కపెట్టి ముందే చేరితే జరిమానా వేస్తారు."

ఒక ఆదివారం తెలిసినవాళ్ళ బండి తీసుకుని, ఏడుగురినీ కూర్చోబెట్టుకుని భాకరాపేట ఘాట్ ఎక్కి దిగారు. షోరూమ్ చుట్టూ ఒక్కడే కూర్చుని తిప్పితే ఏ బండైనా బాగానే ఉంటుంది. ఇంటి మనుషులతో, ఇంటి దారిలో తిప్పితేనే నిజం తెలుస్తుంది. ఎత్తులో గేరు ఒకటి తగ్గించాల్సి వచ్చింది. వంపుల్లో సుమోలా ఊగలేదు. వెనక సీట్లో ఇల్లాలు కళ్ళు మూసుకోలేదు. ఆ రోజే బండి ఖాయమైపోయిందని కొడుక్కి అర్థమైంది.

పెనుకొండ నుంచి చంద్రగిరికి

చంద్రగిరికి ఒకటి పోయాక ఇంకొకటి వెతుక్కోవడం కొత్తకాదు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత హంపీ పాడుబడితే విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకి మార్చారు. అక్కణ్నుంచి చంద్రగిరికి వచ్చారు. తర్వాత వేలూరుకి పోయారు. ఏదీ మళ్ళీ హంపీ కాలేదు. అయినా ఉన్నదాంట్లోనే బతికారు, ఏలారు. 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసులో కోట కట్టుకునే చోటు దక్కింది చంద్రగిరి రాజుల ఏలుబడిలోనే. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన మూడంతస్తుల రాజమహల్ ఇప్పటికీ చెరువు మీదుగా కొండని చూస్తూ నిలబడే ఉంది.

కారెన్స్ తయారయ్యేది కూడా ఆ పెనుకొండ దగ్గరే. ఒకప్పటి అనంతపురం, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లాలో 2019లో మొదలైన కియా ఫ్యాక్టరీలో. నాలుగొందల ఏళ్ళ కిందట సింహాసనం వచ్చిన దారినే ఇప్పుడు ఈ ఇంటికి బండి వస్తోందన్నమాట. ఆ మాట కొడుకు చెబితే ఇంటాయన మొదటిసారి నవ్వాడు.

మరి సుమో? దాన్ని కొనడానికి ఎర్రావారిపాళెం వైపు నుంచి ఓ మామిడి రైతు వచ్చాడు. ఇంటాయన ఏదీ దాచలేదు. క్లచ్ ఎప్పుడు వేయించిందీ, ఎడమవైపు తలుపు వానలో ఎక్కడ కారుతుందీ, చలిలో ఎన్నోసారికి ఇంజన్ అందుకుంటుందీ... అన్నీ చెప్పాడు. కొత్త బండిని పూజకి కాణిపాకం తీసుకుపోవాలి. ప్రమాణాల దేవుడి ముందుకు అబద్ధం మోసుకుపోవడం ఆయనకి ఇష్టం లేదు. చెప్పినవన్నీ విని రైతు రెండువేలు తగ్గించమన్నాడు. ఈయన తగ్గించాడు.

సుమో వీధి మలుపు తిరిగేదాకా అందరూ గుమ్మంలో నిలబడ్డారు. ఎవరూ ఏమీ అనలేదు. అవ్వ మాత్రం ఆకు వక్క ఉమ్మేసి, కొత్త బండి నున్నటి పైకప్పు వైపు తేరిపార చూసింది.

"అంతా బాగుండాది గానీ అబ్బోడా... పైన మూట యాడ కడతారు?"