మూడు పెరళ్ళ కరివేపాకు

శాన్ డియేగోలో మా ఇంటి కరివేపాకు మొక్క ఆరడుగులు పెరిగింది. వచ్చిన తెలుగువాళ్ళందరూ దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకునేవారు. నాకూ కాస్త గర్వంగానే ఉండేది. ఆ గర్వం అమ్మ వచ్చేవరకే నిలిచింది. వచ్చిన రెండో రోజు చారు నోట్లో పెట్టుకుని, "కరివేపాకు వెయ్యడం మర్చిపోయావుటే?" అంది. గిన్నెలో రెండు రెబ్బలు తేలుతూనే ఉన్నాయి.

పెరట్లోకి వెళ్ళి ఒక ఆకు తుంచి, నలిపి, వాసన చూసి, "ఆకుంది గానీ ఇందులో కరివేపాకు లేదే" అని తేల్చేసింది.

మాకు మూడిళ్ళ అవతల ఒక గుజరాతీ కుటుంబం ఉంది. వాళ్ళ తొట్టిలో మొక్క మోకాలెత్తు దాటదు. చిన్న ఆకు, మందంగా, ముదురు రంగులో ఉంటుంది. పక్కనుంచి వెళ్తూ చెయ్యి తగిలితే చాలు, మిరియమూ నిమ్మతొక్కా కలిపి నలిపినంత ఘాటు! వాళ్ళు దాన్ని గామ్ఠీ అంటారు, అంటే మన భాషలో నాటు అన్నమాట. ఇక్కడి నర్సరీల్లో మామూలు, పొట్టి, గామ్ఠీ అని మూడు పేర్లు వినిపిస్తాయి. మామూలుది చకచకా ఎదుగుతుంది. పొట్టిది గుబురుగా, లేత రంగు ఆకులతో ఉంటుంది. గామ్ఠీ అన్నిటికన్నా మెల్లగా పెరుగుతుంది. వాసన దగ్గర మాత్రం నిదానమే ప్రధానం!

ఆ డిసెంబర్‌లో పిల్లలతో కాకినాడ వెళ్ళాం. దారిలో మంగళగిరి దగ్గర పెదవడ్లపూడి వైపు కరివేపాకు తోటలు చూసి మా అమ్మాయి నోరు తెరిచింది. కరివేపాకంటే ప్లాస్టిక్ సంచిలో వచ్చేదని దాని లెక్క. పొలాలకు పొలాలు వేస్తారని ఎలా ఊహిస్తుంది?

అమ్మ పెరట్లో నూతి గట్టు పక్కన చెట్టు నేను పుట్టకముందు నుంచీ ఉంది. రోజంతా ఎండే. ముదురాకు నలిపితే ముందు కారం, తరవాత కొంచెం కాలిన వాసన, చివర చేదు. మా అమ్మాయి రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. ఆ కాలిన వాసన నా భ్రమ కాదు. 2015లో మార్టిన్ స్టైన్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తాజా కరివేపాకు వాసనలో ముఖ్యమైనది ఒక గంధకపు పదార్థమని గుర్తించారు. దానికి మిరియాల్లోనూ లవంగాల్లోనూ ఉండే నూనెలు తోడవుతాయి. ఏ నూనె ఎంత అన్నది మొక్క రకాన్ని బట్టీ, ఎండను బట్టీ, ఆకు ముదురును బట్టీ మారుతుంది. గోడ నీడన పెంచిన మా శాన్ డియేగో మొక్కను చారులో వేసి సువాసన రాలేదని నిందించడం కూడా అన్యాయమే.

మర్నాడు వంతెన దాటి జగన్నాథపురం తీసుకెళ్ళాను. కరివేపాకుకు 1771లో లిన్నేయస్ పెట్టిన శాస్త్రీయ నామం బెర్గెరా కోనిగి. తన శిష్యుడు కోనిగ్ పేరును అలా మొక్కకిచ్చాడు. ఆ కోనిగ్ తరంగంబాడిలో వైద్యుడిగా పనిచేసి, మన తీరమంతా మొక్కలు ఏరుకుంటూ తిరిగి, 1785లో ఈ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. చివరి రోజుల్లో దగ్గరున్నది సామర్లకోటలో ఉండే రాక్స్‌బరో. ఆ కథ చెబుతుంటే పిల్లలు ఐస్‌క్రీమ్ బండి వైపే చూస్తున్నారనుకోండి.

బయల్దేరే ముందు రోజు అమ్మ చెట్టు మొదట్లోంచి ఒక పిలక తవ్వి, తడిగుడ్డ చుట్టి తెచ్చింది. వేరునుంచి వచ్చిన పిలకకు తల్లి వాసనే వస్తుంది, గింజ మొక్కకు ఆ భరోసా లేదు. "పెట్టెలో చీరల మధ్య పెట్టెయ్" అంది. చాలా ఏళ్ళ క్రితం ఎయిర్‌పోర్టులో నా కరివేపాకు పొట్లం లాక్కున్నప్పుడు ఆ అధికారిని ఇంటికొచ్చేదాకా తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టను. కరివేప నారింజ, నిమ్మ జాతుల కుటుంబంలోది. నువ్వుగింజంత సిల్లిడ్ పురుగు దాని మీద గుడ్లు పెడుతుంది. నారింజ చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసేది ఆ పురుగే. ఫ్లోరిడాలో 2005లో బయటపడిన ఆ తెగులు అక్కడి తోటలను కుదేలు చేసింది. కాలిఫోర్నియాలో ఈ పురుగు మొదట కనిపించింది మా శాన్ డియేగో కౌంటీలోనే, 2008లో. 2012లో లాస్ ఏంజెలెస్ కౌంటీలో తెగులూ వచ్చింది.

అమ్మకు ఇదంతా చెప్పాను. ఏమీ అనలేదు. పిలకను తీసుకెళ్ళి మళ్ళీ అదే గోతిలో పెట్టి, నీళ్ళు పోసింది. మా అమ్మాయి ఆ నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడింది.

తిరిగొచ్చాక గుజరాతీ పొరుగింటావిడ పిలక ఇస్తానంది గానీ, ఇక్కడ ఇంటి నుంచి ఇంటికి కూడా మొక్క కదపకూడదంటారు. లైసెన్సున్న నర్సరీకి వెళ్ళాం. మా అమ్మాయి తొమ్మిది తొట్ల దగ్గర ఒక్కొక్క ఆకు నలిపి, పదో తొట్టి దగ్గర ఆగింది. అదే కొన్నాం. పెరట్లో ఎండ బాగా తగిలే మూల దానికిచ్చాం. ఫోనులో అమ్మ ప్రతి ఆదివారం అడుగుతుంది, "చారులో వేశావా?" అని. ఇంకా లేదు. మొక్క జానెడే ఉంది, నాలుగు రెబ్బలు కోస్తే మోడు మిగులుతుంది. మా అమ్మాయి కొయ్యనివ్వడం లేదు.