మాక్స్ నుంచి ప్యూర్ డేటాకి

మా ఇళ్ళలో డిగ్రీ చదివినవాళ్ళం మేమే మొదలు. నంద్యాలలో పీజీ చదువుతూ ఆళ్ళగడ్డ శిల్పుల పనిని వీడియో తీశాము. ఉలి చప్పుడుకు తెరమీద బొమ్మ మారేలా మాక్స్‌లో డబ్బాలను గీతలతో కలిపాము. 30 రోజుల ఉచిత గడువు తీరింది. కొనే స్తోమత మాకెక్కడిది?

మాక్స్‌కు ఆద్యుడైన మిల్లర్ పకెట్టే 1990లలో రాసిన ప్యూర్ డేటా ఉచితం. మా ఫైలు అందులో పనిచేయలేదు. వీడియోలు, అంకెలు వచ్చాయి. డబ్బాలన్నీ మళ్ళీ పేర్చాము. జిట్టర్ పని ఇక్కడ జెమ్ చేస్తుంది. మాక్స్‌లో కుడివైపు డబ్బాకు కబురు ముందు వెళుతుంది. ప్యూర్ డేటాలో ముందు గీసిన గీతకు. ట్రిగ్గర్‌తో ఆ వరుస ఖాయం చేశాము. వార్షికోత్సవానికి బొమ్మ ఆడింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఏ డబ్బా ఏం చేస్తుందో నోటుబుక్కులో రాసుకోండి. హాస్టల్ గది మారినా ట్రంకుపెట్టె మనతోనే వస్తుంది కదా!