ఒకే వీధి ఊరు

పోలండ్‌లోని క్రాకోవ్ నుంచి వాయవ్యంగా ముప్ఫై కిలోమీటర్లు పోతే సున్నపురాయి కొండల మధ్య ప్రోంద్నిక్ వాగు, దాని పక్కనే రోడ్డు. 'హెర్క్యులిస్ గద' అనే నిలువు రాతిస్తంభం, ప్యెస్కోవా స్కావా కోట దాటితే సువొషోవా వస్తుంది. దాదాపు తొమ్మిది కిలోమీటర్ల పొడవునా ఒకటే వీధి, దానికి అటూ ఇటూ ఇళ్లు. ఇది గ్మీనా అనే స్థానిక పాలనా విభాగానికి కేంద్రం. గ్మీనా మన మండలం కన్నా చిన్నది. ఇక్కడ మొత్తం మూడే ఊళ్లు, జనం ఆరు వేలకు లోపే. అయినా సొంత కౌన్సిల్ ఉంది, గ్మీనా పెద్దను 2002 నుంచి జనమే నేరుగా ఓటేసి ఎన్నుకుంటున్నారు.

బస్సు దిగి ఒక ఇంటి పక్క బాటన పొలంలోకి నడిచాను. ముందు ఇల్లు, వెనక గాదె, ఆ వెనక అదే ఇంటి చేను. వెడల్పు తక్కువే, పొడవు మాత్రం మిట్ట దాటి కనుచూపు మేర. పండిన గోధుమ పక్కన ఆలుగడ్డ, దాని పక్కన క్యాబేజీ. రెండు చేలకు నడుమ జానెడు గడ్డి గట్టు. దాని మీద అడుగు ముందు అడుగు వేసుకుంటూ నడవాల్సిందే. ట్రాక్టర్ తిప్పాలన్నా చేను చివరిదాకా పోవాలి.

ఇంత సన్నని చేలు ఎందుకంటే, పూర్వం అడవి కొట్టి ఊరు కట్టినప్పుడు ఒక్కో కుటుంబానికి రోడ్డు నుంచి మిట్ట దాకా ఒక్కో పట్టీ ఇచ్చారు. తరతరాల పంపకాల్లో ప్రతి వారసుడికీ రోడ్డు మీద మొగం కావాలి కాబట్టి పట్టీని నిలువునా చీల్చుకుంటూ వచ్చారు.

ఈ చేలు రైతుల సొంతం కావడానికి వేరే కథ ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ ప్రాంతం రష్యా జార్ ఏలుబడిలో ఉండేది. ఆ పాలన మీద 1863లో లేచిన తిరుగుబాటులో ప్యెస్కోవా స్కావా కోట దగ్గరే పోరు జరిగింది. రైతులు తిరుగుబాటుదారుల వైపు పోకుండా జార్ 1864లో దున్నేవాళ్లకే భూమి రాసిచ్చాడు. గ్రామ గ్మీనాలకు పాలనాధికారం దక్కిందీ ఆ ఏడాదే. కమ్యూనిస్టు ప్రభుత్వం 1954లో గ్మీనాలను రద్దు చేసి, 1973లో మళ్లీ తెచ్చింది. నిజమైన స్వపాలన 1990లోనే వచ్చింది. కమ్యూనిస్టులు తెచ్చిన సమష్టి వ్యవసాయం మాత్రం 1956 తర్వాత పోలండ్ అంతటా కుప్పకూలింది. రైతు భూమి వదల్లేదు. నా మటుకు నాకు ఈ ఊరి అసలు చరిత్ర అదే.

కోట ఇప్పుడు మ్యూజియం, యాత్రికులు చాలామంది అక్కడికే వస్తారు. మీరు వెళ్తే కోటతో ఆగకండి, చేల దాకా పోండి. పైరు తొక్కకుండా గట్టు మీదే నడవండి.